సముద్రం ఏ గంటకు ఏ ఆట ఆడనిస్తుంది?

ఉదయం ఏడింటికి మాస్క్ పెట్టుకుని నీళ్లలో తల ముంచిన మనిషికి పదిహేను మీటర్ల దూరంలో తిరిగే చేప కూడా స్పష్టంగా కనిపిస్తుంది. అదే బీచ్‌లో, అదే మాస్క్‌తో మధ్యాహ్నం మూడింటికి దిగిన మనిషికి, చాచిన చేతి అవతల పాలు కలిపినట్టు మసక తప్ప ఏమీ కనపడకపోవచ్చు. ఇద్దరూ కట్టిన డబ్బు ఒకటే, ఎక్కిన బోటూ ఒకటే. సాయంత్రం ఒకరు ఎప్పటికీ మరిచిపోలేనంటారు, ఇంకొకరు ఉప్పునీళ్లు మింగడం తప్ప ఏమీ లేదంటారు. మధ్యలో మారింది గాలి.

ఉష్ణమండల తీరాలకు సెలవుల్లో వెళ్లేవాళ్లకు మొదట ఎదురయ్యేది ఒక బోర్డు. స్నార్కెలింగ్, స్కూబా, పారాసెయిలింగ్, జెట్ స్కీ, బనానా బోట్, కయాకింగ్ అని వరసగా పేర్లుంటాయి. ఆ బోర్డు పొద్దునా మధ్యాహ్నమూ, అమావాస్యకూ పౌర్ణమికీ ఒకేలా ఉంటుంది. సముద్రం అలా ఉండదు. కర్కట రేఖకూ మకర రేఖకూ మధ్యనున్న ఈ తీరాల్లో నీళ్లు దాదాపు ఏడాదంతా వెచ్చగానే ఉంటాయి కాబట్టి ఎప్పుడైనా ఏదైనా ఆడొచ్చు అనిపించడం సహజం. కానీ నీటి వెచ్చదనం కంటే ముందు చూడాల్సినవి నాలుగున్నాయి: గాలి ఎటు వీస్తోంది, అల ఎంత బలంగా వస్తోంది, నీరు ఎక్కుతోందా దిగుతోందా, అడుగున ఇసుకా రాయా. ఆట తేల్చుకుని సముద్రం దగ్గరికి వెళ్లేవాళ్ల కంటే, సముద్రాన్ని చూసి ఆట తేల్చుకునేవాళ్లకే ఎక్కువ దక్కుతుంది. క్షేమంగా తిరిగి రావడం కూడా అందులో భాగమే.

గాలితో మొదలుపెట్టాలి

ఎండకు నేల త్వరగా వేడెక్కుతుంది, నీరు అంత త్వరగా వేడెక్కదు. నేల మీది గాలి వేడికి తేలికై పైకి లేస్తే, ఆ చోటులోకి సముద్రం మీది చల్లగాలి వచ్చి చేరుతుంది. ఈ సముద్రపు గాలి సాధారణంగా పొద్దెక్కాక మొదలై, మధ్యాహ్నం మంచి జోరు మీద ఉండి, సాయంత్రానికి సద్దుమణుగుతుంది. అందుకే చాలా తీరాల్లో తెల్లవారుజామున నీళ్లు అద్దంలా ఉంటాయి. భోజనాల వేళకు సన్నటి అలలు లేస్తాయి, రెండు మూడింటికి అల తలల మీద తెల్లటి నురగ కనిపిస్తుంది. ఆ నురగ గాలి వేగానికి కొలబద్ద లాంటిది. అక్కడక్కడా నురగ కనిపిస్తే గాలి గంటకు పదిహేను, ఇరవై కిలోమీటర్ల దగ్గర ఉన్నట్టు. సముద్రమంతా తెల్లబడితే అంతకంటే బాగా ఎక్కువ.

దీన్నిబట్టి రోజు దానంతటదే సర్దుకుంటుంది. మాస్క్‌తో చూసే ఆటలు, నిలబడి తెడ్డు వేసే ప్యాడిల్ బోర్డు, కూర్చుని తెడ్డు వేసే సన్నటి పడవ కయాక్ పొద్దున్నే. తెరచాప కట్టిన బోర్డుతో చేసే విండ్‌సర్ఫింగ్, గాలిపటం లాంటి దానితో లాగించుకునే కైట్‌సర్ఫింగ్ మధ్యాహ్నం. గాలి లేని పొద్దున విండ్‌సర్ఫింగ్ క్లాసుకు వెళ్లినవాళ్లు బోర్డు మీద కూర్చుని ఎదురుచూడటమే పని. గాలి జోరుగా ఉన్న మధ్యాహ్నం ప్యాడిల్ బోర్డు ఎక్కితే నిలబడిన మనిషి ఒళ్లే తెరచాప అయిపోతుంది. ఎంత తెడ్డు వేసినా బోర్డు గాలి చెప్పిన వైపే పోతుంది. కయాక్ నడిపే అనుభవజ్ఞులు పాటించే పద్ధతి ఒకటుంది: వెళ్లేటప్పుడు గాలికి ఎదురుగా వెళ్లాలి, తిరిగొచ్చేటప్పుడు గాలి వెనక నుంచి తోయాలి. ఒంట్లో సత్తువ ఉన్నప్పుడే కష్టమైన సగం పూర్తి చేయడం అన్నమాట.

గాలిలో ఒక రకం మాత్రం చూడటానికి మంచిదిగా ఉండి మోసం చేస్తుంది. ఒడ్డు మీద నుంచి సముద్రం వైపు వీచే గాలి అది. ఒడ్డున ఉన్న చెట్లూ భవనాలూ అడ్డుపడటం వల్ల తీరం పక్కన నీళ్లు చదునుగా, హాయిగా కనిపిస్తాయి. పిల్లలకు గాలి నింపిన రింగో, బొమ్మ పడవో ఇచ్చి వదిలేయడానికి ఇంతకంటే మంచి రోజు ఉండదనిపిస్తుంది. యాభై మీటర్లు లోపలికి వెళ్లేసరికి ఆ అడ్డు ఉండదు. గాలి నింపిన వస్తువుకు బరువు లేదు, నీళ్లలో మునిగి పట్టు ఇచ్చే భాగమూ లేదు. మంచి ఈతగాడు వెంటపడినా అందనంత వేగంగా అది కొట్టుకుపోతుంది. బొమ్మ పోతే పోనివ్వాలి తప్ప దాని వెనక ఈదకూడదు. ఈ ఒక్క మాట ఇంట్లో అందరికీ నీళ్లలో దిగకముందే చెప్పి ఉంచాలి.

ద్వీపాల్లో ఇంకో సౌకర్యం ఉంది. గాలి ఒక వైపు నుంచి వీస్తున్నప్పుడు రెండో వైపు చాటుగా ఉంటుంది. ఒక తీరంలో ఎర్రజెండా ఎగురుతుంటే, అదే ద్వీపం అవతలి వైపు చిన్నపిల్లలు ఆడుకునేంత నిమ్మళంగా ఉండొచ్చు. రుతుపవనాలు ఉండే ప్రాంతాల్లో ఈ వైపులు ఏడాదిలో తారుమారవుతాయి. కాబట్టి హోటల్ బుక్ చేసేముందు "బీచ్ బాగుంటుందా" అని కాకుండా "ఆ నెలలో గాలి ఎటు నుంచి ఉంటుంది" అని అడగాలి.

నీటి మీద ముఖం పెట్టి

సందర్శకులకు అందుబాటులో ఉన్న వాటిలో స్నార్కెలింగ్ అంత తక్కువ ఖర్చుతో అంత ఎక్కువ చూపించేది మరొకటి లేదు. ఇంజను లేదు, చప్పుడు లేదు. ఒక మాస్క్, ఒక గొట్టం, కాళ్లకు రెండు రెక్కలు. అయినా చాలామంది మొదటి రెండు నిమిషాల్లోనే ఇది తమ వల్ల కాదని పైకొచ్చేస్తారు. అక్కడ జరిగేదేమిటో దగ్గర నుంచి చూడటం మంచిది. ముఖం నీళ్లలో పెట్టగానే, గొట్టంలో గాలి ఉన్నా సరే, శరీరం ఊపిరి బిగబడుతుంది. తర్వాత నోటితో గబగబా చిన్న చిన్న ఊపిరులు మొదలవుతాయి. ఆ పొట్టి ఊపిరి గొట్టం చివరిదాకా వెళ్లదు. వదిలిన గాలినే మళ్లీ పీల్చుకోవడం, దాంతో ఆయాసం, ఆయాసంతో టెన్షన్, టెన్షన్‌తో ఇంకా పొట్టి ఊపిరి. దీనికి మందు నడుము లోతు నీళ్లలో నిలబడే దొరుకుతుంది. వంగి ముఖం మాత్రమే నీళ్లలో పెట్టి, గొట్టంలోంచి గాలిని నిదానంగా, పూర్తిగా వదలాలి. వదలడం మీదే ధ్యాస ఉంటే పీల్చుకోవడం దానంతటదే జరుగుతుంది. ఐదు నిమిషాలు ఇలా గడిపాక గొట్టంలో ఊపిరి చప్పుడు ఒక లయలో వినపడుతుంది. ఈదడం అప్పుడు మొదలుపెట్టాలి.

గొట్టం ఇంకా పొడుగ్గా ఉంటే మరింత లోతుకు వెళ్లొచ్చు కదా అని పిల్లలు అడుగుతారు, మంచి ప్రశ్న. కుదరదు. గొట్టం పెరిగేకొద్దీ అందులో నిలిచిపోయే చెడుగాలి పెరుగుతుంది. అంతకంటే ముఖ్యంగా, ఒక మీటరు లోతులోనే నీళ్లు ఛాతీని ఎంత నొక్కుతాయంటే, పై గాలిని లోపలికి లాక్కునే బలం ఊపిరి కండరాలకు చాలదు.

మాస్క్ సరిపోయిందో లేదో చూసే పద్ధతి సులువు. పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి, ముక్కుతో కొంచెం గాలి పీల్చి చేయి వదలాలి. మాస్క్ అతుక్కుని నిలబడితే సరిపోయినట్టు. మీసం, అడ్డొచ్చిన వెంట్రుక, పట్టీ మరీ బిగించడం, ఇవే నీళ్లు కారడానికి మామూలు కారణాలు. లోపలి అద్దం మీద ఉమ్మి రాసి కడిగితే ఆవిరి పట్టదన్న పాత చిట్కా నిజంగానే పనిచేస్తుంది. నీళ్లలో కాంతి వంగడం వల్ల మాస్క్‌లోంచి చూసినప్పుడు ప్రతిదీ ఉన్నదానికంటే మూడో వంతు పెద్దగా, పావు వంతు దగ్గరగా కనిపిస్తుంది. మొదటిసారి చూసినవాళ్లు చెప్పే చేపల పొడవులో అబద్ధం లేదు, కాంతి అలా చూపిస్తుంది.

తేలిగ్గా కనిపించే ఈ ఆటలో ప్రమాదం లేదనుకోవడం తప్పు. హవాయిలో నీట మునిగి చనిపోయే పర్యాటకుల్లో ఎక్కువమంది ఆ సమయంలో చేస్తున్నది స్నార్కెలింగే. మునిగేవాళ్లు అరవరు, చేతులు ఊపరు. బోర్లా తేలే ఆట కాబట్టి ఊపిరి ఆగిన మనిషికీ చేపలు చూస్తున్న మనిషికీ ఒడ్డు నుంచి తేడా తెలియదు. అందుకే జంటగా దిగాలి, జంట అంటే నిజంగా చేయి చాపితే అందేంత దూరంలో ఉండాలి. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు ముందు డాక్టర్‌ని అడగాలి. ఈత వచ్చినవాళ్లు కూడా తేలడానికి సాయం చేసే జాకెట్ వేసుకోవడంలో నామోషీ ఏమీ లేదు. ఊపిరి కొంచెం బరువుగా అనిపిస్తే వెంటనే వెల్లకిలా తిరిగి, గొట్టం తీసేసి, చేయెత్తాలి.

ఆటుపోటుల లెక్క కూడా ఇక్కడే పనికొస్తుంది. చాలా తీరాల్లో ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే రోజురోజుకూ వేళ దాదాపు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది, నిన్న బాగున్న గంట వారం తర్వాత బాగుండదు. బాగా ఆటు మీద ఉన్నప్పుడు పగడాల మీద మోకాలి లోతు నీళ్లే మిగలొచ్చు. అప్పుడు ఈదితే పగడాలకూ గాయమే, ఒంటికీ గాయమే. పోటు నిండి కాసేపు నీరు నిలకడగా ఉండే వేళ చూపుకు అన్నిటికన్నా మంచిది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఎక్కే నీరూ దిగే నీరూ ఎక్కువ కాబట్టి ద్వీపాల మధ్య ఇరుకు దారుల్లో ప్రవాహాలు బలంగా ఉంటాయి.

అల, అలల మధ్య దారి

అలలు తీరంలో పుట్టవు. వందల, ఒక్కోసారి వేల కిలోమీటర్ల దూరంలో తుపాను గాలి సముద్రాన్ని కదిపితే ఆ కదలిక ప్రయాణించి ఇక్కడికి చేరుతుంది. ఆకాశం నిర్మలంగా, గాలి స్తబ్దుగా ఉన్న రోజున కూడా పెద్ద అలలు రావడానికి కారణం ఇదే. నీటి లోతు అల ఎత్తుకు సుమారు 1.3 రెట్లకు తగ్గినప్పుడు అల విరుగుతుంది. అడుగు నిదానంగా వాలుగా ఉంటే అల పైనుంచి నురగలా జారుతూ చాలా దూరం నడుస్తుంది. సర్ఫింగ్ నేర్చుకోవడానికి ఇలాంటి నురగ అలలే కావాలి, మెత్తటి ఫోమ్ బోర్డుతో, నడుము లోతులో. అడుగు ఒక్కసారిగా పైకి లేచే చోట అల గొట్టంలా చుట్టుకుని ఒక్క దెబ్బతో ఇసుక మీద పడుతుంది. అలాంటి అలకు వీపు చూపించి మోకాలి లోతులో నిలబడితే మెడకు, వెన్నుకు తగిలే దెబ్బలు చిన్నవి కావు. దిగేముందు పది, పదిహేను నిమిషాలు ఒడ్డున కూర్చుని చూడాలని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే. అలలు గుంపులుగా వస్తాయి. చిన్న అలల విరామంలో దిగినవాళ్లకు ఆ తీరం అసలు స్వభావం తెలియదు.

ఆధునిక సర్ఫింగ్‌ను ప్రపంచానికి పరిచయం చేసిన డ్యూక్ కహనమోకు హవాయివాసి. 1912 ఒలింపిక్స్‌లో 100 మీటర్ల ఫ్రీస్టైల్ ఈతలో బంగారు పతకం గెలిచిన మనిషి. సర్ఫింగ్ ఒలింపిక్స్‌లోకి రావడానికి మాత్రం టోక్యో క్రీడలదాకా ఆగాల్సి వచ్చింది. ఆ పోటీలు 2021లో జరిగాయి. అంత గొప్ప ఈతగాడు పరిచయం చేసిన ఆట కాబట్టే చెప్పాలి, సర్ఫింగ్‌లో ఎక్కువసేపు చేసేది నిలబడటం కాదు, ఈదడం. నిమిషంపాటు అల మీద ఉండటానికి అరగంట బోర్లా పడుకుని చేతులతో నీళ్లు తోయాలి.

ఇక ప్రతి సందర్శకుడికీ తెలిసి ఉండాల్సింది రిప్ కరెంట్. ఒడ్డుకు వచ్చిన నీళ్లన్నీ మళ్లీ లోపలికి పోవాలి కదా. ఇసుక గట్ల మధ్య ఎక్కడో ఒక లోతైన సందు చూసుకుని ఆ నీళ్లు వాగులా వెనక్కి పారతాయి. ఆ సందులో లోతు ఎక్కువ కాబట్టి అక్కడ అలలు విరగవు. రెండు వైపులా తెల్లటి నురగ, మధ్యలో ముదురు రంగులో నిశ్శబ్దంగా ఉన్న ఒక బాట. అలలంటే భయపడేవాళ్లు, పిల్లలతో వచ్చినవాళ్లు సరిగ్గా ఆ బాటనే ఎంచుకుంటారు, ప్రశాంతంగా ఉందని. దాని వేగం సెకనుకు 2 మీటర్లకు పైగా నమోదైన సందర్భాలున్నాయి. ప్రపంచస్థాయి ఈతగాళ్లు కొలనులో వంద మీటర్లు ఈదే వేగం దాదాపు అంతే. అమెరికాలో సముద్ర తీరాల్లో లైఫ్‌గార్డులు బయటికి లాగేవాళ్లలో 80 శాతానికి పైగా ఇందులో చిక్కుకున్నవాళ్లే.

ఇది మనిషిని కిందికి లాగదు, లోపలికి మోసుకెళ్తుంది, అంతే. చంపేది ప్రవాహం కాదు, దానికి ఎదురీది ఎదురీది అలసిపోవడం. చిక్కుకుంటే ముందు తేలాలి, చేయెత్తి పిలవాలి. సత్తువ ఉంటే ఒడ్డుకు సమాంతరంగా, అలలు విరుగుతున్న వైపుకు ఈదాలి. ఆ అలలే ఒడ్డుకు తోస్తాయి. కాపాడటానికి ఉత్త చేతులతో దూకినవాళ్లు కూడా మునిగిపోవడం తరచూ జరిగేదే. తేలేది ఏదైనా, ఆఖరికి మూత పెట్టిన ఖాళీ డబ్బా అయినా, ముందు విసరాలి.

లైఫ్‌గార్డులు ఉన్న తీరంలో జెండాలే భాష. పైన ఎరుపు కింద పసుపు ఉన్న జెండాలు రెండు పాతితే, వాటి మధ్య కాపలా ఉందని అర్థం. పూర్తి ఎరుపు ఉంటే దిగకూడదు. నలుపూ తెలుపూ గళ్ల జెండా ఉన్న చోటు బోర్డులకు, పడవలకు కేటాయించింది, అక్కడ ఈదకూడదు. ఊదా రంగు జెండా కనిపిస్తే జెల్లీ ఫిష్ లాంటి జీవులు ఉన్నాయని హెచ్చరిక.

లోతుకు వెళ్తే

1943లో ఫ్రాన్స్‌లో జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ కలిసి తయారుచేసిన పరికరం, పీల్చినప్పుడు మాత్రమే, బయటి నీటి ఒత్తిడికి సరిసమానమైన ఒత్తిడితో గాలినిస్తుంది. వీపున గాలి సిలిండర్ కట్టుకుని చేసే ఈనాటి స్కూబా డైవింగ్ అంతా ఆ సూత్రం మీదే నడుస్తోంది. దాని గొప్పతనం స్నార్కెల్ గొట్టం ఎందుకు పనికిరాదో తెలిస్తే బాగా అర్థమవుతుంది.

నీళ్లలో ప్రతి 10 మీటర్లకూ ఒక వాతావరణపు ఒత్తిడి పెరుగుతుంది. పైన ఉన్న గాలి 10 మీటర్ల లోతులో సగం అవుతుంది, 20 మీటర్ల దగ్గర మూడో వంతు, 30 దగ్గర నాలుగో వంతు. ఈ అంకెల్లో గమనించాల్సింది ఒకటుంది. పెద్ద మార్పంతా మొదటి 10 మీటర్లలోనే. కాబట్టి లోతు తక్కువని కొత్తవాళ్లు నిర్లక్ష్యం చేసే చోటే చెవులకు, ఊపిరితిత్తులకు ఎక్కువ పని. ఒకటి రెండు మీటర్లు దిగేలోపే చెవిలో ఎవరో వేలితో నొక్కుతున్నట్టు ఉంటుంది. ముక్కు మూసుకుని మెల్లగా ముక్కులోకి గాలి ఊదితే చిన్న టిక్కుమన్న శబ్దంతో అది వదులుతుంది. నొప్పి వచ్చేదాకా ఆగకుండా, అడుగడుగుకీ ఇది చేస్తూ దిగాలి. వదలకపోతే ఒక మీటరు పైకొచ్చి మళ్లీ ప్రయత్నించాలి. జలుబు ఉన్న రోజు అసలు దిగకూడదు. డబ్బు కట్టేశాం కదా అని ముక్కు దిబ్బడతో దిగి చెవిపొర చిల్లు చేసుకుంటే మిగతా సెలవులన్నీ నీళ్లకు దూరంగానే.

పైకి వచ్చేటప్పుడు మాత్రం ఊపిరి బిగబట్టకూడదు. లోతులో పీల్చిన గాలి పైకొచ్చేకొద్దీ ఉబ్బుతుంది. మీటరున్నర లోతు నుంచి నిండు ఊపిరితో బిగబట్టి లేచినా ఊపిరితిత్తులు చిరిగే ప్రమాదం ఉంది. సరదాగా ఒక్కసారి చేసి చూసే పరిచయ డైవ్‌లో లోతు మామూలుగా 12 మీటర్లు దాటదు. మొదటి సర్టిఫికెట్ కోర్సు చేసినవాళ్లకు 18 మీటర్లు, వినోద డైవింగ్‌కు పైహద్దు 40 మీటర్లు. కొత్తవాళ్లకు 12 మీటర్లు ఏ రకంగానూ లోటు కాదు. ఎరుపు రంగును నీళ్లు మొదటే మింగేస్తాయి. లోతు పెరిగేకొద్దీ అంతా నీలి బూడిద రంగులోకి మారుతుంది. పగడాల అసలు రంగులు ఐదారు మీటర్ల లోపే కనువిందుగా ఉంటాయి.

ప్రయాణం ప్లాన్ చేసేటప్పుడే గుర్తుపెట్టుకోవాల్సిన విషయం ఇంకొకటి. ఒత్తిడిలో పీల్చిన నైట్రోజన్ రక్తంలో, కణజాలంలో కరిగి ఉంటుంది, మెల్లగా బయటికి పోతుంది. అంతలోపే విమానం ఎక్కితే, అక్కడ తగ్గే ఒత్తిడికి అది బుడగలుగా మారొచ్చు. ఒక్క డైవ్ చేసినవాళ్లు కనీసం 12 గంటలు, వరసగా పలు డైవ్‌లు చేసినవాళ్లు కనీసం 18 గంటలు విమానానికి దూరంగా ఉండాలి. ఎత్తైన కొండ రోడ్డు ప్రయాణానికీ ఇదే జాగ్రత్త. "చివరి రోజు స్కూబా పెట్టుకుందాం" అనుకునే కుటుంబాలు చాలా ఉన్నాయి. స్కూబా ముందు రోజుల్లోకి, కయాక్ చివరి రోజుకి మార్చితే సరిపోతుంది. డైవ్‌కు ముందు ఇచ్చే ఆరోగ్య ప్రశ్నల కాగితంలో ఆస్తమా, గుండె, ఇటీవలి ఆపరేషన్, గర్భం లాంటి వివరాలు అడుగుతారు. చూడకుండా అన్నిటికీ "లేదు" అని టిక్కు పెట్టేయకూడదు. కాగితమే ఇవ్వని చోటు నుంచి వెనక్కి వచ్చేయడమే మంచిది.

ఇంజను పట్టుకున్న ఆటలు

జెట్ స్కీ, బనానా బోట్, పారాసెయిలింగ్ గురించి చెప్పాల్సింది తక్కువే, కానీ గట్టిగా చెప్పాలి. జెట్ స్కీకి చుక్కాని ఉండదు. వెనక నుంచి చిమ్మే నీటి ధారను పక్కకు తిప్పడం ద్వారానే అది మలుపు తీసుకుంటుంది. ఎదురుగా ఏదైనా కనపడగానే కారు అలవాటుతో యాక్సిలరేటర్ వదిలేస్తే ధార ఆగిపోతుంది. పాత మోడళ్లలో ఆ క్షణం నుంచి హ్యాండిల్ ఎటు తిప్పినా బండి తిన్నగానే పోతుంది. మలుపు తిరగాలంటే కొంచెమైనా ఇంజను నడుస్తూ ఉండాలి. ఈ సంగతి రెండు నిమిషాల్లో చెప్పగలిగినా చాలా చోట్ల చెప్పరు. పడిపోతే ఇంజను ఆపేసే తాడు చేతికో జాకెట్‌కో తగిలించుకోవాలి. ఎక్కేముందు బండి చుట్టూ ఫోన్‌లో వీడియో తీసుకోవడమూ మంచిదే, పాత గీతకు కొత్తగా డబ్బు అడిగే గొడవ చాలా దేశాల తీరాల్లో ఉంది. గాలి నింపిన పొడుగాటి బనానా బోట్‌ను మరో బోటు లాగుతుంది, మలుపులో మనుషుల్ని కావాలని పడేయడమే సరదాగా చూస్తారు. పడేటప్పుడు పక్కవాళ్ల తల, మోచేయి తగిలే దెబ్బలే ఎక్కువ. నడిపేవాళ్లకు "పడేయొద్దు" అని ముందే చెప్పొచ్చు, వింటారు.

బోటు తాడుతో లాగుతుంటే పారాచూట్ కింద గాల్లో తేలే పారాసెయిలింగ్‌లో కొత్తవాళ్ల భయం ఎత్తు గురించి. కానీ నిశ్చలమైన గాలిలో ఎత్తు సమస్యే కాదు. 1961లో ఫ్రాన్స్‌కు చెందిన పియర్ లెమోయిన్ రూపొందించిన పారాచూట్‌తో మొదలైన ఈ ఆటలో అసలు సమస్యలు రెండు: తాడు, గాలి. ఉప్పు, ఎండ, ఇసుక కలిసి తాడును లోలోపల బలహీనం చేస్తాయి. ముడి వేసిన చోట దాని బలం ఇంకా తగ్గుతుంది. గాలి ఒక్కసారిగా హెచ్చితే, పైనున్నవాళ్లను కిందికి లాగే యంత్రానికి శక్తి చాలక, ఆ తాడు మీదే భారమంతా పడుతుంది. 2014లో అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి పారాసెయిలింగ్ ప్రమాదాల మీద ఒక ప్రత్యేక నివేదికే ఇచ్చింది. అందులో ఎత్తి చూపినవీ ఇవే, వాతావరణాన్ని పట్టించుకోకపోవడం, అరిగిన సామగ్రి. దూరంగా మబ్బు నల్లబడుతున్నప్పుడు "ఒక్క రౌండ్ త్వరగా తిప్పేస్తాం" అనే చోట ఎక్కకూడదు. ఈ రోజు గాలి బాగాలేదు, రేపు రండి అని పంపించేసే చోటే నమ్మదగింది.

అడుగున ఉన్నది రాయి కాదు

పగడపు దిబ్బలు సముద్రపు అడుగులో ఒక్క శాతం కంటే తక్కువ చోటులోనే ఉన్నాయి. కానీ సముద్ర జీవజాతుల్లో సుమారు పావు వంతుకు అవే ఆధారం. రాయిలా కనిపించే ఆ ముద్ద మీద వేల చిన్న జీవులు పక్కపక్కనే నివసిస్తుంటాయి. బండలా పెరిగే పగడం ఏడాదికి ఒకటి రెండు సెంటీమీటర్ల లోపే పెరుగుతుంది. అలసిపోయి కాసేపు నిలబడదామని ఒక మనిషి కాలు మోపిన చోట విరిగిన ముక్క, ఆ మనిషి పిల్లల చిన్నతనమంతా గడిచినా తిరిగి పెరగకపోవచ్చు. నీరు వేడెక్కడం వల్ల పగడాలు తమలో ఉండే నాచును వదిలేసి తెల్లబడటం ప్రపంచమంతటా నాలుగోసారి జరుగుతోందని 2024 ఏప్రిల్‌లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆ వేడిని సందర్శకుడు ఒక్కడే తగ్గించలేడు. కాలు మోపకుండా ఉండటం మాత్రం పూర్తిగా సందర్శకుడి చేతిలోనే ఉంది.

కొన్ని సన్‌స్క్రీన్‌లలో వాడే రసాయనాలు పగడాలకు హాని చేస్తాయన్న ఆందోళనతో పసిఫిక్ ద్వీప దేశం పలావు 2020 నుంచి, హవాయి 2021 నుంచి వాటి అమ్మకాన్ని అడ్డుకున్నాయి. వీపు మీద పూత పూసుకోవడం కంటే పొడవు చేతుల ఈత చొక్కా వేసుకోవడం తేలిక. మోకాళ్ల వెనక, మెడ మీద కాలకుండా ఇదే బాగా కాపాడుతుంది. మనుషులు కాస్త పక్కకు తప్పుకుంటే సముద్రం కోలుకుంటుందనడానికి థాయ్‌లాండ్‌లోని మాయా బే మంచి ఉదాహరణ. రోజుకు వేలమంది దిగడంతో పగడాలు నాశనమైన ఆ చిన్న అఖాతాన్ని 2018లో మూసేశారు. మూడున్నరేళ్ల తర్వాత, 2022 జనవరిలో తెరిచేటప్పటికి నల్ల రెక్కకొనల సొరచేపలు తిరిగి వచ్చాయి. ఇప్పుడు పడవలు లోపలికి రాకూడదు, వెనక వైపున దిగి నడిచి రావాలి.

చేతులు దగ్గర పెట్టుకోవడం మన క్షేమానికీ అవసరమే. శంఖువులా అందంగా ఉన్న గవ్వను నీళ్లలోంచి తీస్తే అది ప్రాణంతో ఉన్న కోన్ నత్త కావొచ్చు, దాని ముల్లు విషం మనిషిని చంపగలదు. ఇసుక అడుగు మీద నడిచేటప్పుడు పాదం ఎత్తి వేయకుండా ఈడ్చుకుంటూ వెళ్తే, ఇసుకలో దాక్కున్న టేకు చేప (స్టింగ్‌రే) ముందే కదిలి తప్పుకుంటుంది. అది గుచ్చినా, చాలా రకాల విషపు చేపల ముళ్లు దిగినా, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో ఆ భాగాన్ని ఉంచితే నొప్పి బాగా తగ్గుతుంది, తర్వాత ఆస్పత్రికి వెళ్లాలి. ఉత్తర ఆస్ట్రేలియా తీరాల్లో బాక్స్ జెల్లీ ఫిష్ కోసం బీచ్‌ల మీద స్తంభాలకు వెనిగర్ సీసాలు తగిలించి ఉంచుతారు. దాన్ని చూసి ప్రతి జెల్లీ ఫిష్‌కూ వెనిగర్ పోయకూడదు, బ్లూబాటిల్ అనే నీలి బుడగ జాతికి అక్కడి నిపుణులే వేడి నీళ్లు వాడమంటారు. ఏ తీరంలో ఏది ఉందో ఆ లైఫ్‌గార్డుకే తెలుసు, అడిగితే చెబుతారు.

చీకటి పడ్డాక

సూర్యాస్తమయం తర్వాత ఈదడం మానేయాలి. చూపు ఆనదు, కాపలా ఉండదు, వేటాడే చేపలు ఒడ్డుకు దగ్గరగా వస్తాయి. కానీ సముద్రం ఒక ఆటను చీకటి కోసమే దాచిపెడుతుంది. కొన్ని మడ అడవుల అఖాతాల్లో, కొన్ని బీచ్‌లలో కంటికి కనపడని ఏకకణ జీవులు కదిలించినప్పుడల్లా నీలంగా వెలుగుతాయి. ఒక్కో మెరుపు సెకనులో పదో వంతు. అందుకే తెడ్డు నీళ్లలో పెట్టిన చోట ముందు ఏమీ ఉండదు, లాగగానే దాని అంచు వెంట నీలి గీత పుడుతుంది, తెడ్డు ఎత్తితే కారే చుక్కలు ఒక్కొక్కటీ పడిన చోట చిన్న చిన్న వెలుగు వలయాలు లేచి ఆరిపోతాయి. పడవ కింద నుంచి చేప పరుగెత్తితే చేప కనపడదు, దాని దారి మాత్రం కనిపిస్తుంది.

ఇలాంటి చోట్లలో అన్నిటికంటే కాంతివంతమైనదిగా పోర్టోరికోలోని వియెకెస్ ద్వీపంలో ఉన్న మొస్కీటో బే రికార్డులకెక్కింది. ఈ ఆటకు వేళ నిర్ణయించేది చంద్రుడు. పౌర్ణమి నాడు వెన్నెల ఆ వెలుగును మింగేస్తుంది. అమావాస్యకు అటూ ఇటూ నాలుగు రోజులు సెలవు దొరికితే, ఇంజను లేని కయాక్‌లో, టార్చి ఆర్పేసి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఇరవై నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. మొస్కీటో బేలో ఒకప్పుడు జనం దిగి ఈదేవాళ్లు. ఒంటికి రాసుకున్న క్రీములూ దోమల మందులూ ఆ జీవులకు చేటు చేస్తాయని ఇప్పుడు ఈతను పూర్తిగా నిషేధించారు. తెడ్డు మాత్రం ముంచొచ్చు.